కరెంటు బిల్లు, గ్యాస్ బండ: పేద కుటుంబాలకు ప్రభుత్వ ఇంధన సాయం

తక్కువ ఆదాయం గల ఇళ్లలో వెలుతురు, గాలి, వంట కోసం అయ్యే ఖర్చును ప్రభుత్వం పూర్తిగానో కొంతగానో భరించడమే గృహ ఇంధన సాయం. చలి దేశాల్లో ఇది ముఖ్యంగా శీతాకాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఇచ్చే సాయం. మన దేశంలో కరెంటు బిల్లు, గ్యాస్ బండ అనే రెండు ఖర్చుల చుట్టూ తిరుగుతుంది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం కుటుంబ ఖర్చులో ఇంధనం, వెలుతురు వాటా పల్లెల్లో సుమారు 6.7 శాతం, పట్టణాల్లో సుమారు 6.3 శాతం. సగటుగా చూస్తే ఇది పెద్ద మొత్తం అనిపించదు. కానీ పేద ఇంటికి ఈ ఖర్చు వచ్చే తీరు వేరు. బట్టలు వచ్చే నెల కొనుక్కోవచ్చు, కూరగాయలు తగ్గించుకోవచ్చు. కరెంటు బిల్లు గడువు దాటితే మాత్రం కనెక్షన్ తీసేస్తారు, బండ ఖాళీ అయిన పూటే ఇంకొకటి కావాలి. అందుకే ఇక్కడ సాయం విలువను కేటాయించిన కోట్లతో మాత్రమే కొలవలేం. అర్హత గీత ఎక్కడ పడింది, డబ్బు బిల్లు కట్టే ముందు అందుతోందా తర్వాత అందుతోందా అన్న రెండు విషయాలే దాన్ని నిర్ణయిస్తాయి. గత పాతికేళ్లలో తెలుగు రాష్ట్రాల్లో అమలైన పథకాలు ఈ మాటకు కావలసినంత ఆధారం ఇస్తాయి.

ఇళ్లకు చౌకగా కరెంటు ఇవ్వాలన్న ఆలోచన ఉచిత పథకాల కన్నా పాతది. 1988-89లో కేంద్రం ప్రారంభించిన కుటీర జ్యోతి కింద దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇళ్లకు ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చేవారు. అయితే అసలు సాయం ఎప్పుడూ స్లాబుల్లోనే ఉంది. తక్కువ వాడే ఇళ్లకు సరఫరా ఖర్చు కన్నా తక్కువ ధర వేసి, ఎక్కువ వాడే ఇళ్ల నుంచీ దుకాణాలు, పరిశ్రమల నుంచీ ఎక్కువ వసూలు చేసి ఆ లోటు పూడ్చుతారు. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, 1999లో నియంత్రణ మండలి ఏర్పడింది, 2000లో చార్జీలు పెరిగాయి. ఆ పెంపుపై సాగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పులు మన రాజకీయాల్లో చెరగని గుర్తు వేశాయి. తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఇళ్ల కరెంటు చార్జీల జోలికి తేలిగ్గా పోలేదు. 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ ఒక స్పష్టమైన షరతు పెట్టింది: రాష్ట్ర ప్రభుత్వం ఏ వర్గానికి రాయితీ ఇవ్వదలచినా ఆ సొమ్మును విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కమ్‌కు) ముందుగానే చెల్లించాలి. 2005 నాటి జాతీయ విద్యుత్ విధానం 2012 కల్లా ప్రతి ఇంటికీ రోజుకు కనీసం ఒక యూనిట్ అందాలని చెప్పింది, నెలకు 30 యూనిట్ల లోపు వాడే పేదలకు ప్రత్యేక ధర ఉండాలని సూచించింది.

ఆ 30 యూనిట్ల నుంచి ఇవాళ్టి 200 యూనిట్ల దాకా వచ్చిన ప్రయాణాన్ని ఓట్ల వేటగా మాత్రమే చూడడం సరికాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 50 యూనిట్ల వరకు బిల్లును ప్రభుత్వమే కట్టే ఏర్పాటు మొదలైంది. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ ఆ పరిమితిని పెంచుకుంటూ వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ 2019లో దాన్ని 200 యూనిట్లు చేసింది. ఈ మధ్యకాలంలో పేద ఇల్లు కూడా మారింది. ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న చోట రెండు ఫ్యాన్లు, టీవీ, ఫోన్ల చార్జర్లు, చాలా ఇళ్లలో ఫ్రిజ్, ఎండాకాలంలో కూలర్ వచ్చి చేరాయి. 75 వాట్ల మామూలు సీలింగు ఫ్యాను రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు అవుతుంది. అంటే 2005 నాటి విధానం జీవనానికి చాలునన్న కరెంటు ఇవాళ ఒక్క ఫ్యానుకే సరిపోదు. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెలలో ఫ్యాను, కూలర్ విలాసం కాదు. వృద్ధులకూ పసిపిల్లలకూ అవి ప్రాణావసరం. పరిమితి పెరగడంలో తప్పు లేదు. తప్పంతా పరిమితికి అటూ ఇటూ ఏం జరుగుతోందన్న దానిలోనే ఉంది.

దానికి నిలువెత్తు ఉదాహరణ తెలంగాణ గృహజ్యోతి. కాంగ్రెస్ పార్టీ 2023 ఎన్నికల్లో ఇచ్చిన ఆరు గ్యారంటీల్లో ఇదొకటి. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన కార్యక్రమంలో దరఖాస్తులు తీసుకున్నారు, 2024 ఫిబ్రవరి 27న పథకాన్ని ప్రారంభించారు, మార్చి నుంచి జీరో బిల్లులు రావడం మొదలైంది. తెల్ల రేషను కార్డు ఉన్న కుటుంబం నెలకు 200 యూనిట్ల లోపు వాడితే చేతికి వచ్చే బిల్లులో కట్టాల్సింది సున్నా. ఆ సొమ్మును ప్రభుత్వం డిస్కమ్‌లకు చెల్లిస్తుంది. సుమారు 50 లక్షల కుటుంబాలకు ఇది అందుతోందని ప్రభుత్వం చెబుతోంది. పథకంలోని గొప్పదనం సరళతే. ముందు కట్టి తర్వాత తీసుకునే తతంగం లేదు, బ్యాంకు ఖాతా చూసుకోనక్కర్లేదు, మీటరు రీడింగు తీసిన చోటే సాయం అందిపోతుంది. మన సంక్షేమ పథకాల్లో ఇంత నేరుగా లబ్ధిదారు గడప దాకా వెళ్లేవి అరుదు, ఆ మేరకు దీన్ని మెచ్చుకోవాల్సిందే.

ఇక గీత సంగతి. తెలంగాణలో 2022-23 నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లకు యూనిట్ రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80. 200 దాటితే ఇల్లు పూర్తిగా మరో వర్గంలోకి వెళుతుంది. అక్కడ మొదటి 200 యూనిట్లకే యూనిట్ రూ.5.10, ఆ పైన 300 వరకు రూ.7.70. స్థిర చార్జీలు, సుంకం కలపకుండా లెక్కవేస్తే 200 యూనిట్ల బిల్లు రూ.820, 201 యూనిట్ల బిల్లు రూ.1,027.70. గృహజ్యోతి కుటుంబానికి 200 యూనిట్లకు కట్టాల్సింది ఏమీ లేదు, 201వ యూనిట్ వాడిన నెలలో మొత్తం బిల్లు మీద పడుతుంది. ఆ ఒక్క యూనిట్ ధర వెయ్యి రూపాయల పైమాటే అన్నమాట. ఇంతటి అగాధం పన్నుల్లో, రాయితీల్లో అరుదు. పైగా ఇది ఎప్పుడు ఎదురవుతుందో చూడండి. ఏడాదిలో ఎక్కువ నెలలు 120, 130 యూనిట్ల దగ్గర ఉండే ఇల్లు ఏప్రిల్, మే నెలల్లోనే 200 దాటే అవకాశం ఉంది. ఎండలకు కూలి పనులు తగ్గి, చేతిలో డబ్బు సన్నగిల్లే రోజులూ అవే. అవసరం ఎక్కువైన నెలలోనే సాయం పూర్తిగా ఆగిపోయే ఏర్పాటు ఇది.

ఇదే లెక్కను కిందినుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. నెలకు 75 యూనిట్లు వాడే ఇంటికి జీరో బిల్లు వల్ల మిగిలేది రూ.175. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి మిగిలేది రూ.820. ఇద్దరూ ఒకే కార్డు చూపించినవాళ్లే, కానీ సాయంలో దాదాపు అయిదింతల తేడా. ఫ్రిజ్, కూలర్ కొనుక్కోగలిగిన కుటుంబానికి ఎక్కువా, ఒంటి గదిలో ఒక ఫ్యానుతో సర్దుకునే కుటుంబానికి తక్కువా దక్కుతోంది. ఒక్క బిల్లును చూసి పథకం పేదలకు వ్యతిరేకమని అనలేం. అతి పేద ఇంటికి రూ.175 కూడా చిన్న మొత్తం కాదు. అయినా యూనిట్ల పరిమితి అవసరానికి కొలత కాదని మాత్రం ఈ లెక్క చెబుతోంది. నలుగురున్న ఇల్లూ ఎనిమిది మంది ఉమ్మడి కుటుంబమూ ఒకే 200 యూనిట్ల కింద ఉంటాయి. ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలు ఉన్న చోట అందరి వాడకమూ కలిసి లెక్కకు వస్తుంది. ఎవరికి వారు అర్హులే అయినా ఉమ్మడి మీటరు వాళ్లను అనర్హుల్ని చేస్తుంది. రేషను కార్డును ఆధారం చేసుకోవడం మరో చిక్కు తెచ్చింది. తెలంగాణలో కొత్త కార్డుల జారీ చాలా ఏళ్లు నిలిచిపోయి 2025లోగానీ మళ్లీ ఊపందుకోలేదు. ఈ మధ్యలో పెళ్లయి వేరుపడిన జంటలకు కార్డు లేదు, కార్డు లేదు కాబట్టి జీరో బిల్లూ లేదు.

గీత ఇలాగే ఉండాలన్న నియమమేమీ లేదని ఇతర రాష్ట్రాలు చూపిస్తున్నాయి. తమిళనాడులో 2016 నుంచి రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు అన్ని ఇళ్లకూ ఉచితం. ఎన్ని యూనిట్లు వాడినా ఆ వంద పోదు, కాబట్టి ఉచితం విషయంలో అక్కడ అగాధం లేదు. ఢిల్లీ 2019 ఆగస్టు నుంచి 200 యూనిట్ల లోపు వాడకానికి బిల్లు ఎత్తేసి, 201 నుంచి 400 వరకు సగం బిల్లు, గరిష్ఠంగా రూ.800, భరిస్తోంది. మధ్యలో ఒక మెట్టు ఉంది. పంజాబ్ 2022 జూలై నుంచి రెండు నెలలకు 600 యూనిట్లు ఉచితం చేసింది. పరిమితి దాటితే సాధారణ వర్గాల వారు మొత్తం కట్టాలి, ఎస్సీ, బీసీ, దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలు పైబడ్డ యూనిట్లకే కడతాయి. ఒకే పథకంలో ఎవరికి అగాధం ఉండాలో, ఎవరికి ఉండకూడదో విడదీసిన ఏర్పాటు ఇది. కర్ణాటక 2023లో తెచ్చిన గృహజ్యోతిలో ప్రతి ఇంటికీ దాని 2022-23 సగటు వాడకం మీద పది శాతం కలిపి సొంత పరిమితి పెట్టింది, 200 దాటకుండా. అంతకుముందు తక్కువ వాడిన పేద ఇంటికి తక్కువ వాటానే దక్కడం అందులోని లోపం. నిన్నటి లేమిని రేపటికి కొలబద్ద చేయడం న్యాయం అనిపించుకోదు. వీటన్నిటిలో పేదలకు అత్యంత భద్రమైనది తమిళనాడు తీరు. ఖజానాకు అది బరువని అనేవారున్నారు. కానీ అక్కడ ఉచితం నెలకు 50 యూనిట్ల లెక్కనే. చిన్న మొత్తాన్ని ఎప్పటికీ పోకుండా ఇవ్వడమా, పెద్ద మొత్తాన్ని ఒక్క యూనిట్‌తో పోయేలా ఇవ్వడమా అన్నది ఆలోచించాల్సిన ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ ధరల పట్టికలో ఇటువంటి అగాధం లేకపోవడం గమనించదగ్గది. 2022-23లో అక్కడ గృహ వినియోగదారుల వర్గాలను రద్దుచేసి అందరికీ ఒకే మెట్ల వరస పెట్టారు: మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆ పైన రూ.9.75. ఎవరు ఎంత వాడినా కింది మెట్ల ప్రయోజనం నిలుస్తుంది. అయితే కింది మెట్టు మునుపటి కన్నా ఇరుకైంది, పైగా ఇంధన సర్దుబాటు, ట్రూ-అప్ పేరుతో పాత సంవత్సరాల కొనుగోలు ఖర్చు తర్వాతి బిల్లుల్లో కలుస్తోంది. ధరల పట్టిక చూసి తన బిల్లు ఎంతవుతుందో అంచనా వేసుకున్న ఇల్లాలికి చేతికొచ్చిన బిల్లులో వేరే అంకె కనపడుతుంది. ఎప్పుడో రెండేళ్ల కిందట ఆ ఇంట్లో అద్దెకున్న వేరేవారు వాడిన కరెంటు తాలూకు సర్దుబాటును ఇవాళ ఆ మీటరు కింద ఉన్నవారు కట్టాల్సి రావడం పేదల విషయంలోనైనా తప్పించాల్సిన అన్యాయం.

వంట గ్యాస్ వైపు వస్తే కథలో ముఖ్యాంశం గీత కాదు, సమయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ దారిలో దేశానికి ముందు నడిచింది. 1999 జూలైలో మొదలైన దీపం పథకం స్వయం సహాయక సంఘాల్లోని పేద మహిళల తరఫున గ్యాస్ కనెక్షన్ డిపాజిట్‌ను ప్రభుత్వమే కట్టింది. కేంద్రం ఉజ్వల యోజనను 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభించే నాటికి మన దగ్గర ఆ అనుభవానికి పదిహేడేళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వంటకు శుభ్రమైన ఇంధనం వాడే ఇళ్లు దేశంలో సుమారు 59 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 84, తెలంగాణలో సుమారు 92 శాతం ఉండడానికి ఆ తొలి అడుగుకూ సంబంధం ఉంది. కనెక్షన్ ఇవ్వడం ఒకటి, బండ తిరిగి నింపించుకోగలగడం మరొకటి. ఉజ్వల మీద కాగ్ 2019లో ఇచ్చిన నివేదిక ఈ తేడాను బయటపెట్టింది: 2018 డిసెంబరు నాటికి ఏడాది పైబడిన లబ్ధిదారులు సగటున ఏడాదికి 3.21 సిలిండర్లే తీసుకున్నారు. నెలకొకటి కాదు, మూడు నాలుగు నెలలకొకటి. మిగిలిన రోజుల్లో కట్టెల పొయ్యే. పొగ పీల్చేది ఆడవాళ్లూ, ఒడిలోని పిల్లలూ.

బండ ఎందుకు తీసుకోలేదన్న దానికి ధర ఒక్కటే కారణం కాదు. 2013 జూన్ 1న కేంద్రం కొన్ని జిల్లాల్లో గ్యాస్ రాయితీని నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి ప్రారంభించింది. తొలి జాబితాలో మన హైదరాబాదు, రంగారెడ్డి, అనంతపురం, చిత్తూరు, తూర్పు గోదావరి ఉన్నాయి. 2015 జనవరి నుంచి పహల్ పేరుతో అది దేశమంతటా వచ్చింది. దొంగ కనెక్షన్లను ఏరివేయడంలో ఈ పద్ధతి మేలు చేసింది, అందులో సందేహం లేదు. కానీ బండ తెచ్చిన కుర్రాడికి పూర్తి ధర చేతికివ్వాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. రోజుకూలీ ఇంట్లో నెలాఖరున వెయ్యి రూపాయల దగ్గరి మొత్తం ఒక్కసారిగా తీయడమే అసలు కష్టం. వారం తర్వాత మూడు వందలు వెనక్కి వస్తాయన్న భరోసా ఆ రోజు పొయ్యి వెలిగించదు. కేంద్రం 2022 మే నుంచి ఉజ్వల కుటుంబాలకు సిలిండర్‌కు రూ.200, 2023 అక్టోబరు నుంచి రూ.300 రాయితీ ఇస్తోంది, 2025-26లో దాన్ని ఏడాదికి 9 సిలిండర్లకు పరిమితం చేసింది. 2019-20లో ఏడాదికి సుమారు 3 సిలిండర్లు వాడిన ఉజ్వల కుటుంబం 2024-25లో 4.47 వాడింది. పెరుగుదల నిజమే. కానీ ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఏడాదంతా గ్యాస్ మీదే వండుకోవాలంటే ఏడెనిమిదైనా కావాలి.

రాష్ట్రాల పథకాలు మొత్తాన్ని పెంచాయి, సమయాన్ని మార్చలేదు. గృహజ్యోతితో పాటే తెలంగాణ ప్రారంభించిన రూ.500 సిలిండర్‌లో లబ్ధిదారు ముందు పూర్తి ధర కడతారు, అయిదొందలకు పైబడ్డ సొమ్ము తర్వాత ఖాతాలో పడుతుంది. గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి ఏడాదికి ఎన్ని సిలిండర్లో నిర్ణయిస్తారు. కర్ణాటక కరెంటు పథకంలోని లోపమే ఇక్కడా ఉంది. డబ్బుల్లేక మూడు బండలతో సరిపెట్టుకున్న ఇంటికి మూడే దక్కుతాయి. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 ప్రారంభించింది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకొకటి. వార్షిక వ్యయం అంచనా రూ.2,684 కోట్లు. సిలిండర్ ఇంటికి చేరిన 48 గంటల్లో సొమ్ము ఖాతాలో వేస్తామన్నది ప్రభుత్వం మాట. పాత పద్ధతి కన్నా ఇది మెరుగే. అయినా 48 గంటలు ముందు కట్టగలిగినవారికే ఉచితం ఉచితమవుతుంది. కరెంటులో సాయం బిల్లులోనే కలిసిపోతుంటే గ్యాస్‌లో ఎందుకు కలవకూడదు? డీలరు దగ్గర వసూలు చేసే మొత్తంలోనే రాయితీ తగ్గించి, ఆ తేడాను ప్రభుత్వం చమురు కంపెనీకి చెల్లించడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. లబ్ధిదారు ఆధార్, రేషను కార్డు, గ్యాస్ కనెక్షన్ ఇప్పటికే అనుసంధానమై ఉన్నాయి. నల్లబజారు భయంతో రాయితీని వెనక్కి నెట్టిన రోజులు వేరు. ఒక కార్డుకు ఒకే కనెక్షన్ ఖరారైన ఇవాళ ఆ భయానికి పేద ఇల్లు మూల్యం చెల్లించాల్సిన పని లేదు.

విదేశీ అనుభవాల్లోనూ సమయం, గీత అన్న రెండు ప్రశ్నలే ముందుకొస్తాయి. అమెరికాలో 1981 చట్టంతో ఏర్పడిన తక్కువ ఆదాయ గృహ ఇంధన సాయ పథకం ఏటా సుమారు 400 కోట్ల డాలర్లతో 60 లక్షల దాకా ఇళ్లకు సాయపడుతోంది. సొమ్ము చాలావరకు కరెంటు, గ్యాస్ కంపెనీకే నేరుగా వెళుతుంది. దరఖాస్తు చేసిన 48 గంటల్లో, ప్రాణాపాయం ఉంటే 18 గంటల్లో అత్యవసర సాయం అందాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. మన పథకాల్లో లేనిది సరిగ్గా ఇదే. అయితే అక్కడ నిధులకు పరిమితి ఉంది, అవి అయిపోతే అర్హులైనా వట్టి చేతులతో వెళ్లాల్సిందే. బ్రిటన్‌లో 1997 నుంచి వృద్ధులందరికీ ఇస్తూ వచ్చిన శీతాకాల ఇంధన భత్యాన్ని 2024లో ఒక్కసారిగా పెన్షన్ క్రెడిట్ వంటి పేదల సాయం పొందే పింఛనుదారులకు కుదించారు. పెన్షన్ క్రెడిట్‌కు అర్హులై ఉండీ దరఖాస్తు చేసుకోని పేద వృద్ధులు దాంతో భత్యం కూడా కోల్పోయారు. గగ్గోలు చెలరేగి 2025లో ఏడాది ఆదాయం 35,000 పౌండ్ల లోపు ఉన్నవారందరికీ దాన్ని తిరిగి తెచ్చారు. అక్కడే 2011 నుంచి నడుస్తున్న వార్మ్ హోమ్ డిస్కౌంట్‌లో అర్హులను ప్రభుత్వ రికార్డుల్లో వెతికి, చాలామందికి దరఖాస్తు లేకుండానే 150 పౌండ్లు బిల్లులో తగ్గిస్తున్నారు. సాయం అర్హులను వెతుక్కుంటూ వెళ్లాలే తప్ప పేదవాడు కార్యాలయాల చుట్టూ తిరగకూడదన్న పాఠం ఇందులో ఉంది.

ఉచితం ఇస్తే దుబారా పెరుగుతుందన్నది తరచూ వినపడే అభ్యంతరం. వ్యవసాయ పంపుసెట్ల విషయంలో దానికి కొంత బలం ఉంది, అక్కడ చాలా చోట్ల మీటరే లేదు. ఇళ్లకు మీటరుంది, పరిమితీ ఉంది. 75 యూనిట్లు వాడే ఇంటికి 200 దాకా వెసులుబాటు ఉంటే వాడకం కొంత పెరగవచ్చు. ఆ పెరుగుదల రాత్రిపూట రెండో ఫ్యాను తిరగడమైతే, పిల్లలు చదువుకునే గదిలో లైటు వెలగడమైతే దాన్ని దుబారా అనడం అన్యాయం. నిజమైన దుబారా 200 గీత వల్ల పుట్టేది: ఇప్పుడే 205కి చేరిన ఇంటికి ఆ నెల పొదుపు చేసి లాభం లేదు, జీరో బిల్లు పోనే పోయింది. దానికన్నా పెద్ద అభ్యంతరం డిస్కమ్‌ల ఆర్థిక పరిస్థితి, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ప్రభుత్వాలు రాయితీ ప్రకటించి సొమ్ము ఆలస్యంగా విడుదల చేస్తే డిస్కమ్‌లు అప్పు చేసి విద్యుత్ కొంటాయి, ఆ వడ్డీ చివరికి ట్రూ-అప్ రూపంలో అందరి బిల్లుల్లోకీ, పేదల బిల్లుల్లోకీ తిరిగి వస్తుంది. 65వ సెక్షన్ ముందుగా చెల్లించాలని చెప్పింది అందుకే. పథకాన్ని తప్పుపట్టడం కన్నా ఆ సెక్షన్‌ను అక్షరాలా పాటించమని ప్రభుత్వాన్ని నిలదీయడమే సబబు.

యూనిట్లు, సిలిండర్లు అంటూ విడివిడిగా ఇవ్వడం ఎందుకు, ఒకే నగదు మొత్తం ఖాతాలో వేస్తే కుటుంబమే నిర్ణయించుకుంటుంది కదా అని ఆర్థికవేత్తలు కొందరు అడుగుతారు. నగదు కుటుంబానికి స్వేచ్ఛ ఇస్తుంది, అది కాదనలేం. కానీ రెండు చిక్కులున్నాయి. ఇంధన ధర పెరిగినా నగదు మొత్తం పెరగదు. 2020 మే తర్వాత సాధారణ వినియోగదారులకు గ్యాస్ రాయితీ దాదాపు సున్నాకు చేరిన తీరు దీనికి నిదర్శనం, ఖాతాలో పడే సొమ్మును ఎప్పుడు తగ్గించినా గోల తక్కువ. రెండోది ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్న. బండ అయిపోతే పొగ భరించేది ఆమె, ఖాతాలోని డబ్బు ఖర్చు నిర్ణయించేది చాలా ఇళ్లలో అతను. ఇంధనం రూపంలో ఇచ్చే సాయం పొయ్యి దగ్గరికే చేరుతుంది.

బిల్లు కట్టడం కన్నా బిల్లునే తగ్గించడం మేలన్న వాదన మాత్రం పూర్తిగా సరైనది. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. పెద్దయెత్తున కొనడంతో బల్బు కొనుగోలు ధర రూ.310 నుంచి రూ.38 దాకా దిగింది. ఫ్యాన్ల విషయంలో అదే పని జరగాల్సి ఉంది. 75 వాట్ల ఫ్యాను స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే రోజుకు 16 గంటలకు నెలకు 36 యూనిట్ల బదులు 14 యూనిట్లే అవుతుంది. రెండు ఫ్యాన్లు మారిస్తే నలభైకి పైగా యూనిట్లు మిగులుతాయి. మేలో 230 దాటే ఇంటిని అది గీత ఇవతలికి తెస్తుంది, ప్రభుత్వానికీ ఏటా కట్టే రాయితీ తగ్గుతుంది. జీరో బిల్లు కుటుంబాలకు ఫ్యాన్లు ఉచితంగా ఇచ్చినా కొన్నేళ్లలో ఆ ఖర్చు తిరిగి రాబట్టుకోవచ్చు.

ఇంటి కప్పు మీద సౌర పలకలు ఇంకా దూరం తీసుకెళ్లగలవు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం రూ.75,021 కోట్లతో ఆమోదించిన పీఎం సూర్యఘర్ కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు, ఆ పైన రూ.78,000 రాయితీ. మిగతా ఖర్చు పేద ఇంటికి భారమే. ఆంధ్రప్రదేశ్ ఈ చిక్కును గుర్తించింది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల పలకలను పూర్తిగా ఉచితంగా, బీసీ ఇళ్లకు కేంద్ర రాయితీ మీద మరో రూ.20,000 చేర్చి ఇస్తోంది. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఏటా కట్టే ఉచిత కరెంటు రాయితీయే మున్ముందు ఆ పలకల పెట్టుబడిగా మారుతుంది. మిగిలిపోయేది సొంత కప్పు లేనివారు: హైదరాబాదు, విజయవాడ, విశాఖ బస్తీల్లో అద్దె గదుల్లో ఉండేవారు, రేకుల ఇళ్లవారు. ఢిల్లీ 2019లో ఉమ్మడి పలకల ఉత్పత్తిని వేర్వేరు ఇళ్ల బిల్లుల్లో సర్దుబాటు చేసే వర్చువల్ నెట్ మీటరింగ్‌కు నిబంధనలు తెచ్చింది. బడి భవనాల మీదో, సబ్‌స్టేషన్ ఖాళీ స్థలాల్లోనో పెట్టిన పలకల్లో అద్దెదారు కుటుంబానికి ఒక వాటా కేటాయిస్తే కప్పు అవసరమే ఉండదు. కుటుంబం ఇల్లు మారినప్పుడు ఆ వాటా పాత మీటరు దగ్గర ఉండిపోకుండా రేషను కార్డుతో పాటు కొత్త సర్వీసు నంబరుకు వెళ్లేలా డిస్కమ్‌ల బిల్లింగు వ్యవస్థను మార్చాలి. అద్దెదారును గుర్తించే ఏర్పాటు గృహజ్యోతిలో ఇప్పటికే ఉంది.